ఎరుపు పోయింది, చుక్కలు ఆపేయొచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నాను. పోయినేడు సంక్రాంతి తర్వాత కుడికన్ను ఎర్రబడింది, వెలుగు చూడలేకపోయాను. సీజను మొదలైంది కదా, కారం ఘాటు అనుకుని మందుల షాపులో చుక్కల మందు కొనుక్కుని వేసుకున్నాను. రెండు రోజుల్లో తగ్గితే ఆపేశాను. పది రోజులకి మళ్లీ వచ్చింది. ఈసారి నొప్పి కణత దాకా పాకింది. కంటి డాక్టరు చూసి యువియైటిస్ అన్నారు. ఆరు వారాలు మందు వాడాక పోయింది. ఇప్పుడు ఎడమకంట్లో వచ్చింది. మొదట గంటకోసారి, తర్వాత రెండు గంటలకోసారి ఒక చుక్క, రోజుకి రెండుసార్లు ఇంకో చుక్క వేయమన్నారు. వారానికి మళ్లీ రమ్మన్నారు గానీ యార్డులో రద్దీ వల్ల వెళ్లలేదు. పది రోజులైంది, ఎరుపు పూర్తిగా పోయింది. అది స్టెరాయిడ్ అని తెలిసి భయంగా ఉంది. ఆపేయొచ్చా? ఛాతీ ఎక్స్‌రే, నడుము ఎక్స్‌రే, రక్తపరీక్షలు రాశారు. కంటికీ నడుముకీ ఏం సంబంధం? డబ్బులు గుంజడానికేనా? పొద్దున లేచేసరికి నాకు నడుం పట్టేసే మాట నిజమే గానీ అది రోజంతా కూర్చుని టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క రాయడం వల్ల. మా అమ్మ ఒళ్లు వేడి చేసిందంటూ వంకాయ, ఆవకాయ మాన్పించింది. నందివర్ధనం పూలరసం పోస్తానంటోంది. మా పాపకి అంటుకుంటుందేమోనని నా భార్యకి టెన్షన్. ఏం చెయ్యమంటారు?
— గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆపొద్దు. ముందు ఈ మాట చెప్పి, ఎందుకో తర్వాత చెబుతాను. ఈ రాత్రి వేసుకోవాల్సిన చుక్క వేసుకోండి. రేపు పొద్దున యార్డుకి వెళ్లేముందే మీ కంటి డాక్టరుకి ఫోన్ చేసి, రానందుకు ఏమైనా అంటే పడి, రేపో ఎల్లుండో వెళ్లి చూపించుకోండి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది స్టెరాయిడ్ కాదు, వారానికి రమ్మంటే వెళ్లలేదన్న ముక్క.

ఇది కారం వల్ల వచ్చింది కాదు. మిర్చి ఘాటు కంటి పైపొర దగ్గరే ఆగిపోతుంది. భగ్గుమంటుంది, నీళ్లు ధారగా కారతాయి, చన్నీళ్లతో కడుక్కుంటే కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. పైగా యార్డులో లేచే ఘాటు ఒక్క కన్నునే వెతుక్కుంటూ వెళ్లదు కదా. మీకు వచ్చింది లోపలి వాపు. కంటిగుడ్డుకి బయట తెల్లటి గట్టి పొర ఒకటి, అన్నిటికంటే లోపల చూపు పట్టే రెటీనా. ఈ రెంటికీ మధ్య రక్తనాళాలు నిండిన నల్లటి పొర ఉంటుంది, అదే యువియా. దాని వాపే యువియైటిస్. లాటిన్‌లో ద్రాక్షపండుని ఊవా అంటారు, ఆ మాట నుంచి వచ్చిన పేరు. బయటి తెల్లపొర ఒలిచేస్తే ఈ పొర అచ్చం నల్లద్రాక్షలా ఉంటుందట పాతకాలం వైద్యుల కళ్లకి. మనం నల్లగుడ్డు అనే ఐరిస్ ఈ పొరకి ముందు భాగం. మీ లక్షణాలను బట్టి చూస్తే వాపు ముందు భాగంలోనే ఉన్నట్టుంది. అన్ని రకాల్లోకీ ఎక్కువగా కనిపించేదీ, సరిగా వాడితే బాగా లొంగేదీ ఇదే. వెనక భాగంలో వచ్చే రకం వేరు. అందులో కన్ను ఎర్రబడకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. ఎదురుగా ఈగలు, దారాలు తేలుతున్నట్టు కనిపించి చూపు మసకేస్తుంది, అంతే. అందుకే యువియైటిస్‌లో ఎరుపుని నమ్ముకోకూడదు.

మీ అసలు ప్రశ్న కూడా ఇక్కడే ఉంది. ఎరుపు పోతే జబ్బు పోయినట్టా? పాత సినిమా హాల్లో ప్రొజెక్టర్ గదిలోంచి వచ్చే వెలుగుబాటలో దుమ్ము రేణువులు తేలుతూ కనిపించేవి గుర్తుందా? కంటి డాక్టరు మీ గడ్డం ఆనించమని, సన్నటి వెలుగు గీత కంట్లోకి వేసి చూసేది సరిగ్గా అలాంటి దుమ్ము కోసమే. మామూలుగా నల్లగుడ్డు ముందున్న నీళ్లు అద్దంలా తేటగా ఉంటాయి. రక్తంలోని కణాలూ ప్రోటీనూ అందులోకి దిగకుండా కన్ను గట్టి కాపలా పెట్టుకుంటుంది. వాపు వచ్చినప్పుడు ఆ కాపలా తెగి తెల్లకణాలు లోపలికి జారతాయి, వెలుగు గీతలో తేలుతూ కనిపిస్తాయి. ఒక మిల్లీమీటరు పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు వెలుగులో ఎన్ని కణాలున్నాయో డాక్టరు లెక్కపెడతారు. 6 నుంచి 15 ఉంటే 1 ప్లస్, 16 నుంచి 25 ఉంటే 2 ప్లస్, 50 దాటితే 4 ప్లస్. 2005లో ప్రపంచంలోని యువియా వైద్యులు కలిసి ఖాయం చేసుకున్న కొలత ఇది. మీ చీటీ తిరగేసి చూడండి, ఎక్కడో ఒక మూల ఈ ప్లస్ గుర్తు ఉంటుంది. అది సున్నాకి దిగిందా లేదా అన్నది అద్దంలో చూసుకుంటే మీకు తెలియదు, మీ ఆవిడకీ తెలియదు, ఫోటో పంపినా నాకూ తెలియదు. నివురుగప్పిన నిప్పంటే ఇదే.

పోయినేడు మీ కంట్లో జరిగింది గుర్తు తెచ్చుకోండి. షాపువాళ్లు ఇచ్చిన చుక్కల్లో స్టెరాయిడ్ కలిసి ఉండి ఉంటుంది, అందుకే రెండు రోజుల్లో హాయిగా అనిపించింది. ఒక్కసారిగా ఆపేశారు కాబట్టి పది రోజుల్లో రెట్టింపుగా వచ్చింది. అది రెండోసారి వచ్చిన జబ్బు కాదు, మొదటిదే పూర్తిగా పోలేదు. స్టెరాయిడ్ చుక్కలు మెట్లు దిగినట్టు దిగాలి. మొదట్లో గంటకోసారి, కణాలు తగ్గేకొద్దీ రోజుకి ఆరు, తర్వాత నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఇలా దిగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఏ మెట్టు ఎప్పుడు దిగాలో ఆ వెలుగు గీతలో కణాలు చూసి చెప్పాల్సిందే. అందుకే వారానికి రమ్మన్నారు.

షాపు చుక్కల గురించి ఇంకో మాట, ఇది మిగతా పాఠకులకి కూడా. మీ అదృష్టం బాగుండి మీకు యువియైటిస్ అయింది. అదే వరి ఆకు కోసుకునో, ఊక పడో కార్నియా (నల్లగుడ్డు మీది తేట పొర) మీద ఫంగస్ పుండు వచ్చి ఉంటే? మన కృష్ణా, గుంటూరు పల్లెల్లో కోతల రోజుల్లో ఇది చూస్తూనే ఉంటాం. ఆ పుండు మీద స్టెరాయిడ్ పోస్తే ఆజ్యం పోసినట్టే. హెర్పిస్ పుండు మీదైనా అంతే. బయటికి రెండూ ఎర్ర కళ్లే. ఏది ఏమిటో తేల్చకుండా చుక్కల మందు ఇవ్వకూడదు, మనం అడగనూ కూడదు.

స్టెరాయిడ్ అంటే భయం అన్నారు. ఆ భయంలో సగం న్యాయమే ఉంది, దాన్ని కొట్టిపారేయను. ఎక్కువకాలం వాడితే శుక్లం రావచ్చు. కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అది పాదరసం మిల్లీమీటర్ల లెక్కలో 10 నుంచి 21 మధ్య ఉంటుంది. స్టెరాయిడ్ పడనివాళ్లలో కొన్ని వారాలు వాడేసరికి పైకి ఎక్కుతుంది. చిక్కేమిటంటే, అలా మెల్లగా ఎక్కినప్పుడు నొప్పి ఏమీ ఉండదు, గ్లకోమా చడీచప్పుడు లేకుండా చూపు నరాన్ని తినేస్తుంది. కనుక వెళ్లినప్పుడల్లా ఒత్తిడి చూశారా, ఎంత వచ్చింది అని అడిగి రాయించుకోండి. అయితే మిగతా సగం కూడా వినాలి. వైద్యం చెయ్యని యువియైటిస్ కూడా అదే శుక్లాన్ని, అదే గ్లకోమాని తెస్తుంది, పైగా రెటీనా మధ్యలో నీరు చేర్చి చూపుని నేరుగా దెబ్బతీస్తుంది. డాక్టరు కళ్లెదుట వాడే స్టెరాయిడ్‌కీ, యూట్యూబు చూసి మానేసే స్టెరాయిడ్‌కీ మధ్య తూకం వెయ్యమంటే నేను రెండో దానికే ఎక్కువ భయపడతాను.

రోజుకి రెండుసార్లు వేసే ఆ రెండో చుక్క గురించి మీరు ఏమీ అడగలేదు. చాలామంది ఎగ్గొట్టేది దాన్నే. అది వేస్తే దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి, ఎండ భరించలేం, లెక్కలు రాసే మీకు మరీ చికాకు. అయినా అది ఎందుకో తెలిస్తే మానరు. వాపు వచ్చిన ఐరిస్ జిగురుగా తయారై, వెనకున్న కటకానికి అంటుకుంటుంది, పెనానికి అట్టు అంటుకున్నట్టు. అంటుకున్నాక ఊడదీయడం కష్టం. కంటిపాప గుండ్రంగా కాకుండా వంకరటింకరగా మిగిలిపోతుంది. చుట్టూతా అంటుకుపోతే లోపలి నీళ్లు ముందుకి రావడానికి దారి ఉండదు, ఒత్తిడి ఒక్కసారిగా ఎగుస్తుంది. ఈ చుక్క కంటిపాపని పెద్దది చేసి, ఐరిస్‌ని కటకం అంచుకి దూరంగా లాగి పెడుతుంది. లోపల బిగుసుకున్న కండరాన్ని కూడా వదులు చేస్తుంది, నొప్పి తగ్గేది చాలావరకు దానివల్లే. వేసుకున్నన్నాళ్లూ మధ్యాహ్నం బండి నడపకండి, నల్లద్దాలు పెట్టుకోండి. లెక్కల పని నాలుగు రోజులు ఇంకొకళ్లకి అప్పగించండి. కొట్టు యజమానికి చెప్పడానికి మొహమాటం అయితే డాక్టరు చేత చీటీ రాయించుకోండి.

వేసే పద్ధతి కూడా చెబుతాను, సగం మంది ఇక్కడే మందు పారేసుకుంటారు. మీ స్టెరాయిడ్ చుక్క తెల్లగా పాలలా ఉండే ప్రెడ్నిసొలోన్ అయితే, ఆ సీసాని వేసేముందు బాగా గిలక్కొట్టాలి, మందు అడుగున పేరుకుని ఉంటుంది. గిలక్కొట్టకపోతే మొదటి వారం నీళ్లు, ఆఖర్లో ముద్ద. కింది రెప్ప లాగి ఒకే ఒక్క చుక్క, రెండోది బుగ్గ మీదికే. తర్వాత కన్ను మూసుకుని ముక్కు పక్క మూలని వేలితో రెండు నిమిషాలు అదిమి పట్టుకోండి, గొంతులోకి చేదు దిగకుండా ఉంటుంది. రెండు మందుల మధ్య ఐదు నిమిషాల ఎడం. సీసాని బండి డిక్కీలో పెట్టొద్దు, మన ఎండలకి అది పొయ్యి. తెరిచిన నెలకి పారేయండి, పోయినేటి సీసా ఇంట్లో ఉంటే ఈరోజే. ఫోన్లో అలారం పెట్టుకుంటే యార్డులో వేలంపాట జరుగుతున్నా గుర్తుంటుంది.

ఇక నడుము. మీరు దాన్ని తేలిగ్గా ఒక వాక్యంలో చెప్పి దాటేశారు, నాకు మాత్రం ఉత్తరం అంతటిలోకీ ముఖ్యమైన వాక్యం అదే. కూర్చుని పనిచేసేవాళ్ల నడుంనొప్పి సాయంత్రానికి ముదురుతుంది, పడుకుంటే తగ్గుతుంది. మీది పొద్దున లేచేసరికి పట్టేసి ఉంటోంది. అరగంటకి పైగా ఉంటుందా? నాలుగు అడుగులు వేస్తే, వేడినీళ్ల స్నానం చేస్తే వదులవుతుందా? తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుందా? ఒకరోజు కుడి పిర్రలో, ఇంకోరోజు ఎడమ పిర్రలో నొప్పి తిరుగుతుందా? ఇవన్నీ అవునైతే, అందులోనూ 40 లోపు వయసులో మొదలై మూడు నెలలు దాటితే, అది వెన్నుపూసల కీళ్ల వాపు కావచ్చు. ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. ఆ జబ్బున్నవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు కంట్లో ఇలాంటి వాపు వస్తుంది. హఠాత్తుగా వస్తుంది, ఒక కంట్లోనే వస్తుంది, మరోసారి రెండో కంట్లో వస్తుంది. మీ కథ దీనికి సరిపోయేలా ఉంది. అదే అని నేను చెప్పడం లేదు. మీ డాక్టరు అలా అనుమానించే నడుము ఎక్స్‌రే రాశారు అంటున్నాను. ఆయన పని ఆయన బాగానే చేస్తున్నారు.

హెచ్‌ఎల్‌ఏ బి27 అనే రక్తపరీక్ష కూడా ఆ జాబితాలో ఉండి ఉంటుంది. అది జబ్బు పరీక్ష కాదు, పుట్టుకతో వచ్చే ఒక జన్యువు పరీక్ష. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు, ఏటా అక్కర్లేదు. పాజిటివ్ వస్తే కంగారు పడొద్దు, ఆ జన్యువున్న చాలామందికి జీవితాంతం ఏమీ రాదు. ఎక్స్‌రే బాగుందని నడుము సంగతి వదిలెయ్యనూ వద్దు. మొదటి కొన్నేళ్లు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. అనుమానం బలంగా ఉంటే రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు) ఎంఆర్‌ఐ రాస్తారు. ఇది ముందే పట్టుకుంటే వ్యాయామంతో, మందులతో వెన్ను బిగుసుకుపోకుండా చూసుకోవచ్చు.

ఛాతీ ఎక్స్‌రే క్షయ కోసం. మన దేశంలో యువియైటిస్‌ అనగానే వైద్యుడి మనసులో మెదిలే మొదటి పేర్లలో అది ఒకటి. క్షయ దాగి ఉండగా స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే అది చెలరేగుతుంది. చేతి మీద సూదేసి 48 నుంచి 72 గంటల్లో చూసే మాంటూ పరీక్ష కూడా రాయవచ్చు. అది కాస్త ఉబ్బినంత మాత్రాన క్షయ ఉన్నట్టు కాదు, మన దగ్గర ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలోనూ ఉబ్బుతుంది. సిఫిలిస్ పరీక్ష కనిపిస్తే మొహం మాడ్చుకోవద్దు, అది అందరికీ రాస్తారు. ఇంకో ప్రశ్న మీరే డాక్టరుకి గుర్తు చెయ్యాలి. ఈమధ్య వరదనీళ్లలోగానీ మురుగులోగానీ దిగి, తర్వాత గట్టి జ్వరం వచ్చిందా? ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం తగ్గిపోయిన కొన్ని వారాలకో నెలలకో కంట్లో తేలుతుంది. 1993 చివర్లో వచ్చిన వరదల తర్వాత మదురై కంటి వైద్యులు ఇలాంటి కేసులు గుంపుగా చూశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో నడుంలోతు నీళ్లలో తిరిగిన బంధువులకి మీరు సాయం వెళ్లి ఉంటే, చెప్పాల్సిన విషయమే.

డబ్బులు గుంజడం అన్నారు. మొదటిసారి, ఒక కంట్లో, తేలిగ్గా వస్తే ఏ పరీక్షలూ రాయకపోయినా తప్పులేదు. మళ్లీ వచ్చింది, నడుంనొప్పి ఉంది కాబట్టి మీకు రాసినవి న్యాయమైనవే. ల్యాబుల్లో ప్యాకేజీ అంటూ 30 పరీక్షలు అంటగడితే మాత్రం వద్దనండి. చీటీలో ఉన్న ఒక్కో పరీక్ష ఎందుకని డాక్టరుని అడగండి. ఒక్కోదానికి ఒక్క వాక్యంలో జవాబు రావాలి. అన్నీ చేసినా కారణం దొరకని కేసులు చాలా ఉంటాయి, అప్పుడు కూడా వైద్యం ఆగదు. మరో సలహా కావాలనిపిస్తే మీకు దూరం వెళ్లక్కర్లేదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్, విజయవాడ దాటగానే తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, అన్నీ బస్సు దూరమే. యువియా చూసే డాక్టరు ఏ రోజుల్లో ఉంటారో ముందుగా కనుక్కుని వెళ్లండి.

పాపకి అంటుకోదు. కళ్లకలక అంటుకుంటుంది, అందులో పుసి కడుతుంది, పొద్దున రెప్పలు అతుక్కుంటాయి. మీ కంట్లో పుసి లేదు, నీళ్లూ నొప్పీ మాత్రమే. పాపని ఎత్తుకోండి, ఒకే తువ్వాలు వాడినా ఈ జబ్బు రాదు.

అమ్మగారి విషయం కాస్త సున్నితంగా చూడాలి. వంకాయ వల్ల, ఆవకాయ వల్ల యువియైటిస్ రాదు, గుంటూరు మనిషిని కారం మానమని చెప్పే పాపం నేను మూటగట్టుకోను. ఒకవేళ డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే అప్పుడు ఉప్పు తగ్గించాలి, షుగరు, బీపీ చూపించుకుంటూ ఉండాలి. ఆ లెక్కన ఆవకాయ విషయంలో అమ్మగారి మాట కొంత నెగ్గుతుంది. నందివర్ధనం రసం మాత్రం కంట్లో పడనివ్వకండి. శుభ్రం చెయ్యని ఏ ఆకు రసమైనా, పూల రసమైనా కంట్లోకి క్రిముల్ని మోసుకొస్తుంది. చల్లగా ఉంటుందని మూసిన రెప్పల మీద పువ్వు పెడతానంటే సరే అనండి, ఆవిడ మనసూ నిలబడుతుంది. సిగరెట్ అలవాటు ఉంటే మాత్రం ఆపండి. ఉత్తరంలో రాయలేదు గానీ అడుగుతున్నాను. పొగ తాగేవాళ్లలో ఈ వాపు ఎక్కువగా వస్తుంది, వెన్ను జబ్బు కూడా ముదురుతుంది.

ఇది మళ్లీ రావచ్చు, ఆ మాట దాచను. తరచుగా వస్తుంటే చుక్కలతో సరిపెట్టరు, ఒంటి రక్షణ వ్యవస్థ దూకుడుని తగ్గించే మెథోట్రెక్సేట్ లాంటి మాత్రలో, అడాలిముమాబ్ ఇంజెక్షనో ఆలోచిస్తారు. మన దేశంలో తయారయ్యే అడాలిముమాబ్ 2014 చివరి నుంచి దొరుకుతోంది. మెథోట్రెక్సేట్ రాస్తే ఒక్కటి గుర్తు పెట్టుకోండి, అది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. మీరు ఇంకా అంతదూరం వెళ్లలేదు.

ఈ మధ్యలో చూపు హఠాత్తుగా మసకబారినా, కంటినొప్పితో వాంతి వచ్చినా, కళ్ల ముందు మెరుపులు, కొత్తగా నల్లచుక్కలు కనిపించినా వాయిదా తేదీ కోసం ఆగకుండా అదేరోజు వెళ్లండి. రేపు వెళ్లేటప్పుడు రెండు సీసాలూ, పోయినేటి చీటీ వెంట తీసుకెళ్లండి. వీలైతే షాపులో కొన్న ఆ మొదటి మందు పేరు కూడా. నడుం పట్టేస్తోందని నాకు రాశారు సరే, మీ డాక్టరుకి చెప్పారా?